86 వేల కిలోమీటర్లు తిరిగిన వంద సీసీ బండి: పికప్ పోయి ఆగిపోయే రోగం ఎక్కడ పుడుతుంది

2012లో కొన్న వంద సీసీ కార్బొరేటర్ బండి ఇది. మీటరు 86 వేలు దాటింది, ఇంజన్ ఇంతవరకు బోరు పనికి (సిలిండర్ అరిగితే చేసే మరమ్మతు) వెళ్లలేదు. మైలేజీ, సీటు, లైటు సంగతులు అందరూ రాస్తూనే ఉన్నారు. పాతబడ్డాక ఈ తరహా బళ్లు ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఒక్క విషయంలో. పది, పదిహేను కిలోమీటర్లు చక్కగా వెళ్తుంది. తర్వాత యాక్సిలరేటర్ ఎంత తిప్పినా గుంజదు, చివరికి ఆగిపోతుంది. కాసేపు నీడన పెడితే మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి చల్లారి ఏ లోపమూ చూపించదు. అందుకే ప్లగ్ మారుతుంది, కార్బొరేటర్ కడుగుతారు, రోగం అలాగే ఉంటుంది.

ఆగిన వెంటనే ఉండే రెండు నిమిషాలే విలువైనవి. ముందు ఎలా ఆగిందో చూడండి. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు లోపం. ముక్కుతూ, కుదుపుతూ ఆగి, ఛోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగితే కాస్త కోలుకుంటే పెట్రోల్ అందడం లేదు. ఛోక్ లాగగానే ఇంకా మొరాయించి, సైలెన్సర్‌లోంచి నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువైనట్టు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినట్టు. రోడ్డు మీద బాగా నడిచి, వేడెక్కాక సిగ్నల్ దగ్గర స్లోలో మాత్రమే ఆగితే ముందు ట్యాపెట్లను, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర సందు సరిచేసే స్క్రూలను, అనుమానించండి.

పెట్రోల్ వైపు అయితే మొదట చూడాల్సింది ట్యాంకు మూత. పెట్రోల్ కిందికి దిగిన కొద్దీ ఆ జాగాలోకి పైనుంచి గాలి రావాలి. మూతలో అందుకోసం సన్నటి దారి ఉంటుంది. దుమ్ము, తుప్పు చేరి అది మూసుకుంటే లోపల పీల్పు ఏర్పడి ధార సన్నబడుతుంది. వానాకాలంలో నీళ్లు దిగకుండా మూత కింద పాలిథిన్ కవర్ పెట్టి బిగించే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. ఆ కవరే ఈ దారిని మూసేస్తుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు పైన గాలి జాగా తక్కువ కాబట్టి ఈ పీల్పు ఇంకా త్వరగా వస్తుంది. బండి ఆగగానే మూత తెరవండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే.

అనుమానం తీరకపోతే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, ఇంజన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఒక సీసాలోకి వదలండి. ధార మొదట బాగా వచ్చి అర నిమిషంలో సన్నబడితే మూత తెరవండి. ధార పుంజుకుంటే మూతదే తప్పు. పుంజుకోకపోతే పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కుళాయి) లోపలి జాలీ మూసుకుంది. కాక్ విప్పితే ఆ జాలీ చుట్టూ ఎర్రటి తుప్పు బురదలా పట్టి ఉండడం పాత ట్యాంకుల్లో మామూలే. జాలీ కడిగినంత మాత్రాన సరిపోదు, ట్యాంకు అడుగు కూడా శుభ్రం చేయాలి. లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ నిండుతుంది.

ఆ తర్వాత కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగునున్న డ్రైన్ స్క్రూ వదులు చేసి, అందులో ఉన్నదంతా గాజు గ్లాసులోకి దించండి. నీళ్లుంటే అడుగున గోళీల్లా విడిగా కదులుతూ కనిపిస్తాయి. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చిన ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లో ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. నీరు మోతాదు దాటితే ఇథనాల్‌తో కలిసి వేరే పొరగా అడుగుకు దిగుతుంది. వారాల తరబడి నిలిపిన బండిని తీసే ముందు ఈ డ్రైన్ పని తప్పనిసరి. పాత రబ్బరు పైపు మెత్తబడి ఉబ్బినా, పగుళ్లు కనిపించినా ఆలోచించకుండా మార్చేయండి.

కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే జెట్లను తీగతో, సూదితో పొడవద్దు. మెత్తటి ఇత్తడి రంధ్రం వెంట్రుకంత పెరిగినా కొలత పోతుంది. క్లీనర్ కొట్టి, గాలి పెట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి, రంధ్రం గుండ్రంగా మెరవాలి. కార్బొరేటర్‌కూ ఇంజన్ హెడ్‌కూ మధ్య ఉండే రబ్బరు ఓ-రింగ్ గట్టిపడితే గాలి దొంగదారిన వెళ్తుంది. ఐడ్లింగ్ ఎంత సరిచేసినా నిలవదు.

కరెంటు వైపు అయితే బండి ఆగిన వేడిలోనే పరీక్షించాలి. ప్లగ్ విప్పి, క్యాప్‌లోనే ఉంచి, దాని లోహపు ఒంటిని హెడ్‌కు ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. నీలం రంగు మెరుపు చిటపటమంటూ రావాలి. వేడిలో రాకుండా, చల్లారాక వస్తే ప్లగ్‌కు కరెంటు పెంచి పంపే ఇగ్నిషన్ కాయిల్‌నో, మెరుపు ఎప్పుడు రావాలో సంకేతం ఇచ్చే పల్సర్ కాయిల్‌నో అనుమానించాలి. వేడికి లోపలి సన్నటి తీగచుట్ట తెగి, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. కానీ కాయిల్ కొనే ముందు ప్లగ్ క్యాప్ చూడండి. ఊడదీసి మల్టీమీటర్ పెడితే రెసిస్టర్ ఉన్న క్యాప్ సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపాలి. కాయిల్ నుంచి క్యాప్‌కు వచ్చే హెచ్‌టీ వైరు చివర పచ్చబడి ఉంటే అర సెంటీమీటరు కోసి, క్యాప్ మళ్లీ తిప్పి బిగించండి. ఖర్చేమీ లేదు.

ఇక ట్యాపెట్లు. టకటక చప్పుడు వస్తోందని గట్టిగా బిగించేయడం ఈ బళ్లకు జరిగే పెద్ద అన్యాయం. వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, కిక్ తేలిగ్గా దిగుతుంది, స్లోలో బండి ఆగిపోతుంది. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. సెట్టింగ్ రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే చేయాలి. మాగ్నెట్ (ఇంజన్ పక్కన తిరిగే చక్రం) మీది టీ (T) గుర్తు గీతకు ఎదురుగా రావాలి, అప్పుడు వాల్వులను నొక్కే రెండు రాకర్లూ కొద్దిగా ఆడాలి. ఆడకపోతే మాగ్నెట్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఈ తరహా ఇంజన్లలో సందు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొంచెం కదులుతుంది. అందుకే బిగించాక సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, మళ్లీ దూర్చి చూడాలి, అది కొద్దిగా పట్టుకుంటూ జారాలి. ఈ బండికి ప్రతి 6 వేల కిలోమీటర్లకు ఈ పని జరిగింది. ఇంజన్ తెరవాల్సిన అవసరం రాకపోవడానికి దీన్నే పెద్ద కారణంగా చెబుతాను.

ఇంజన్ మోత పెరుగుతూ బండి కదలకపోతే అది క్లచ్ ప్లేట్ల సంగతి. బండి ఆపాక వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బ్రేక్ పట్టేసి ఉంది. ఈ రెండూ చూడకుండా కార్బొరేటర్ విప్పొద్దు.

డూప్లికేట్ జెట్లు, డూప్లికేట్ క్యాప్ కొనకండి. మిగిల్చే కొద్ది రూపాయలకు గంటల శ్రమ పోతుంది. సైడు బాక్సులో మంచి ప్లగ్ ఒకటి, ప్లగ్ స్పానర్, చిన్న స్క్రూడ్రైవర్, అడుగు పొడవు పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు ఉంచుకోండి.