బెంజీన్‌కు ఏ బొమ్మ మేలు: మూడు ద్విబంధాలదా, లోపల సున్నా చుట్టినదా?

ఇంటర్ మొదటి సంవత్సరంలో హైడ్రోకార్బన్ల పాఠం బెంజీన్ దగ్గరికి రాగానే విద్యార్థి నోట్సులోకి రెండు బొమ్మలు వచ్చి చేరతాయి. షడ్భుజిలో ఒకటి విడిచి ఒకటిగా మూడు ద్విబంధాలు గీసిన, జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే పేరిట ఉన్న నిర్మాణం ఒకటి, అదే షడ్భుజి లోపల సున్నా చుట్టినది మరొకటి. రెండూ ఒకటేననీ, ఏది గీసినా మార్కులు పడతాయనీ చెప్పి ముందుకు సాగిపోవడం తరగతిలో మామూలు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. బెంజీన్ అణువు ఎలా ఉంటుందన్న ప్రశ్నకు సున్నా మేలైన జవాబు; అది చర్యలో ఏం చేస్తుందో రాయవలసి వచ్చినప్పుడు కెకూలే బొమ్మ మేలు. ఒకదాని పని రెండోదానికి అప్పగించినప్పుడే తప్పులు మొదలవుతాయి.

మైకేల్ ఫారడే 1825లో బెంజీన్‌ను వేరుచేశాడు. ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు ఒక అణువులో ఎలా ఇముడుతాయన్నదానికి కెకూలే 1865లో వలయ నిర్మాణం ప్రతిపాదించాడు. అయితే ఆ బొమ్మను ఉన్నదున్నట్టుగా నమ్మితే 1,2-డైబ్రోమోబెంజీన్ రెండు రకాలుగా దొరకాలి: బ్రోమిన్లు చేరిన రెండు పక్కపక్క కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్నది ఒకటి, ఏకబంధం ఉన్నది మరొకటి. ప్రయోగశాలలో దొరికేది ఒక్కటే. ఈ చిక్కు తీర్చడానికి కెకూలే 1872లో ద్విబంధాలు నిరంతరం స్థానాలు మార్చుకుంటూ ఉంటాయని చెప్పవలసి వచ్చింది. నిజానికి మారేదేమీ లేదు. కాథ్లీన్ లాన్స్‌డేల్ 1929లో హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించి, వలయం చదునైన షడ్భుజి అని చూపింది. బెంజీన్‌లోని ఆరు కార్బన్–కార్బన్ బంధాల పొడవూ 139 పికోమీటర్లే (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్ల వంతు). మామూలు ఏకబంధం 154, ద్విబంధం 134 పికోమీటర్లు.

శక్తి లెక్క కూడా ఇదే చెబుతుంది. ఒకే ద్విబంధం ఉన్న సైక్లోహెక్సీన్‌ను హైడ్రోజనీకరణం చేస్తే, అంటే ద్విబంధానికి హైడ్రోజన్‌ను చేరిస్తే, మోల్‌కు సుమారు 120 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. మూడు ద్విబంధాలకు 360 రావాలి. బెంజీన్‌తో వచ్చేది దాదాపు 208 మాత్రమే. తగ్గిన ఆ సుమారు 150 కిలోజౌళ్లే బెంజీన్‌కున్న అదనపు స్థిరత్వం. ద్విబంధాలుగా గీసే ఆరు పై (π) ఎలక్ట్రాన్లు ఏ రెండు కార్బన్ల మధ్యా కట్టుబడకుండా వలయమంతా పరుచుకుని ఉండటం వల్ల అది వచ్చింది, ఆ సంగతిని సున్నా ఒక్క చూపులో చెప్పేస్తుంది. కెకూలే బొమ్మ మాత్రమే చూసిన విద్యార్థి, సైక్లోహెక్సీన్ లాగే బెంజీన్ కూడా బ్రోమిన్ నీటి రంగును పోగొడుతుందని రాస్తాడు. బెంజీన్ ఆ పని చేయదు; దానికి ఫెర్రిక్ బ్రోమైడ్ వంటి ఉత్ప్రేరకం కావాలి, అప్పుడు కూడా జరిగేది సంకలనం (ద్విబంధానికి బ్రోమిన్ వచ్చి చేరడం) కాక ప్రతిక్షేపణే (హైడ్రోజన్ స్థానంలోకి బ్రోమిన్ రావడం).

ఇంతవరకూ సున్నాదే పైచేయి. చర్యా విధానం, అంటే చర్య అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో, రాయడం మొదలుపెట్టగానే పరిస్థితి తారుమారవుతుంది.

బెంజీన్‌కు నైట్రో సమూహాన్ని చేర్చే నైట్రేషన్‌ను దగ్గరగా చూద్దాం. గాఢ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ధనావేశమున్న నైట్రోనియం అయాన్ (NO₂⁺) పుట్టి, 50–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర బెంజీన్‌తో చర్య జరుపుతుంది. కెకూలే బొమ్మలో ఒక ద్విబంధం నుంచి నైట్రోజన్ వైపు, ఎలక్ట్రాన్ల కదలికను చూపే వంపు బాణం గీసి చూడండి: ఆ ద్విబంధంలోని రెండు ఎలక్ట్రాన్లు కొత్త బంధానికి ఖర్చయ్యాయనీ, దాని అవతలి కొసన ఉన్న కార్బన్‌కు ధనావేశం మిగిలిందనీ కంటికి కనిపిస్తుంది. పక్కనున్న ద్విబంధాలను ఒక్కొక్కటిగా జరుపుతూ పోతే ఆవేశం మొత్తం మూడు చోట్ల వాలుతుంది: నైట్రో చేరిన కార్బన్‌కు పక్కనే ఉన్న రెండు ఆర్థో స్థానాల్లో, ఎదురుగా ఉన్న ఒక పారా స్థానంలో. ఆ రెంటి మధ్యనున్న మెటా స్థానాలకు అది రాదు.

సున్నాతో మొదలుపెట్టిన జవాబుపత్రాల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఒకటుంది. ఒకే కార్బన్ మీద నైట్రోనూ హైడ్రోజన్‌నూ గీసి, లోపలి సున్నాను చెక్కుచెదరకుండా వదిలేస్తారు. ఆ కార్బన్‌కు అప్పటికే నాలుగు ఏకబంధాలు నిండాయి, మిగిలినవి నాలుగు పై ఎలక్ట్రాన్లు, అవి పరుచుకునేది ఐదు కార్బన్ల మీదే. నిండు సున్నా ఆరు ఎలక్ట్రాన్లు ఉన్నాయని చెబుతోంది కాబట్టి ఆ బొమ్మ తప్పు. ఒక పక్క తెగిన సున్నా గీసి మధ్యలో ధన గుర్తు పెడితే లెక్క సరిపోతుంది గానీ, ఆవేశం ఐదు కార్బన్ల మీదా సమానంగా ఉందన్న భ్రమ మిగులుతుంది.

ఆవేశం ఎక్కడ వాలుతుందన్నది చిన్న విషయమేమీ కాదు, ఎరోమాటిక్ ప్రతిక్షేపణలో సగం పాఠం దాని మీదే నడుస్తుంది. బెంజీన్‌కు మిథైల్ సమూహం చేరిన టోలుయీన్‌లో ఆ మిథైల్‌కు పారా స్థానంలోనో ఆర్థో స్థానంలోనో నైట్రోనియం చేరితే, మూడు నిర్మాణాల్లో ఒకదానిలో ధనావేశం మిథైల్ ఉన్న కార్బన్ మీదికే వస్తుంది. మిథైల్ ఎలక్ట్రాన్లను అందించి దాన్ని నిలబెడుతుంది. మెటా దాడిలో ఆ అవకాశం లేదు. అందుకే నూటికి సుమారు 60 పాళ్లు ఆర్థో, 37 పాళ్లు పారా వచ్చి, మెటా నాలుగు దగ్గరే ఆగిపోతుంది. నైట్రోబెంజీన్‌లో ఇదే తర్కం తిరగబడుతుంది: ధనావేశమున్న నైట్రోజన్ పక్కకే ఇంకో ధనావేశం వచ్చి చేరే ఆర్థో, పారా దారులు కష్టమై, నూటికి 90కి పైగా మెటా ఉత్పన్నమే దొరుకుతుంది. ఇదంతా కెకూలే బొమ్మ మీద నాలుగు బాణాలతో తేలిపోతుంది. సున్నా మీద బాణం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. పరీక్షలో చర్యా విధానం అడిగితే వెనుకాడకుండా కెకూలే బొమ్మతోనే మొదలుపెట్టండి.

ఒకటికి మించి వలయాలు కలిసినప్పుడు సున్నా ఇంకా బలహీనపడుతుంది. రసాయన శాస్త్రవేత్తలు ఆర్మిట్, రాబిన్సన్ 1925లో ఈ సున్నా గుర్తును ప్రవేశపెట్టినప్పుడు దానికి ఆరు ఎలక్ట్రాన్లన్న అర్థం ఉంది. బట్టల మధ్య వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌కు రెండు వలయాల్లోనూ సున్నాలు చుడితే 12 పై ఎలక్ట్రాన్లని అర్థం వస్తుంది; ఉన్నవి పదే. ఎరోమాటిక్ స్థిరత్వానికి 4ఎన్+2 పై ఎలక్ట్రాన్లుండాలనే (ఎన్ అంటే 0, 1, 2 వంటి పూర్ణాంకం) 1931 నాటి హుకెల్ సూత్రం లెక్కలోకి పది వస్తుంది, పన్నెండు రాదు. పైగా నాఫ్తలీన్ బంధాలన్నీ ఒకే పొడవువి కావు. దానికి గీయగల మూడు కెకూలే నిర్మాణాల్లో 1–2 బంధం (1, 2 అంకెలు వేసిన కార్బన్ల మధ్యది) రెండింటిలో ద్విబంధంగా ఉంటుంది, 2–3 బంధం ఒక్కదానిలోనే. కొలిచి చూసినా 1–2 బంధం సుమారు 137 పికోమీటర్లు, 2–3 బంధం 141కి పైనే. ఈ తేడాను రెండు సున్నాలు పూర్తిగా దాచేస్తాయి.

మూడు వలయాల ఫినాంత్రీన్ దగ్గర రెండు బొమ్మలనూ కలిపి వాడటం అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. చివరి రెండు వలయాల్లో ఒక్కో సున్నా, మధ్య వలయంలో 9, 10 కార్బన్ల మధ్య ఒక ద్విబంధం గీస్తే, ఆరూ ఆరూ రెండూ కలిసి 14 పై ఎలక్ట్రాన్లూ లెక్కకు వస్తాయి. బెంజీన్‌కు సంకలనం చెందని బ్రోమిన్ ఫినాంత్రీన్‌లో సరిగ్గా ఆ 9–10 బంధానికే సంకలనం చెందుతుంది, సున్నాలు చుట్టిన రెండు వలయాలూ అలాగే ఉండిపోతాయి.