పిక్నిక్ సలాడ్‌కి పెర్ల్ బార్లీ: గింజ నిలబడుతుంది, జిగురు మాత్రం వదిలించాలి

పిక్నిక్‌కి తీసుకెళ్లే సలాడ్ కలిపిన మూడు నాలుగు గంటలకు గానీ పళ్లెంలోకి రాదు. అంతసేపూ నూనెనీ పులుపునీ కూరగాయల నీటినీ పీల్చుకుంటూ కూడా గింజ గింజలాగే ఉండాలి. ఈ ఒక్క లెక్కన చూస్తే, ప్యాకెట్లలో దొరికే ధాన్యాల్లో పెర్ల్ బార్లీకే నా ఓటు. చల్లారినా గట్టిపడదు, నానినా ముద్దవదు, కొరికితే పంటికి తగులుతుంది.

మిగతావి ఎక్కడ వెనకబడతాయంటే, దంపుడు బియ్యం వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టేసరికి అందులోని పిండిపదార్థం మళ్లీ బిగుసుకుని అన్నం పెళుసుగా తయారవుతుంది. క్వినోవా పావుగంటలో ఉడుకుతుంది, కానీ గింజ మరీ చిన్నది. పెద్ద కూరగాయ ముక్కల కింద కనిపించకుండా పోతుంది, తడి తగిలితే మెత్తబడుతుంది. పైగా సరిగ్గా కడగకపోతే పైపొరలోని సపోనిన్ వల్ల చేదు. అన్నిటికంటే దగ్గరి పోటీ బల్గర్‌ది. అది ముందే ఉడికించి, ఎండబెట్టి, విరిచిన గోధుమ కాబట్టి వేడినీళ్లలో నానితే చాలు. టైం లేనివాళ్లు నిస్సంకోచంగా దాన్నే తీసుకోండి. మామూలు గోధుమ రవ్వని బల్గర్ అనుకుని కొంటే మాత్రం ఉప్మా అవుతుంది, సలాడ్ కాదు.

బార్లీ కొనేటప్పుడు ప్యాకెట్ మీద మాట చూడాలి. పెర్ల్ అంటే పొట్టుతో పాటు తవుడు పొర కూడా చాలావరకు పాలిష్ పట్టినది, 25 నుంచి 35 నిమిషాల్లో ఉడుకుతుంది. పొట్టు మాత్రమే తీసిన ముడి బార్లీలో పీచు ఎక్కువ, రుచీ ఎక్కువే, కాకపోతే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ‘క్విక్’ అని రాసి ఉన్నది ఆవిరి పట్టి అణచిన రకం. సూప్‌కి సరిపోతుంది గానీ సలాడ్‌లో చెదిరిపోతుంది, దాన్ని తీసుకోవద్దు. మంచి గింజ మీగడ రంగులో, ఒకే సైజులో, మధ్యలో గోధుమరంగు గీతతో ఉంటుంది. ప్యాకెట్ అడుగున పిండి పేరుకుని ఉంటే గింజలు విరిగాయన్నమాట, విరిగినవే ముందు జిగురవుతాయి.

ఇక బార్లీ మీద వినిపించే ఏకైక ఫిర్యాదు ఈ జిగురే. అది బీటా గ్లూకాన్ అనే పీచు పని. ఉడుకుతున్నప్పుడు నీళ్లలోకి దిగి, ఆ నీళ్లు తక్కువైతే గింజల చుట్టూ పేస్టులా పట్టుకుంటుంది. ఒకటికి మూడు చొప్పున నీళ్లు పోసి ఇగిరే దాకా ఉడికించమని చాలా ప్యాకెట్ల మీద రాస్తారు. సలాడ్‌కి ఆ పద్ధతి పనికిరాదు. కుక్కర్ కూడా వద్దు. గంజి వార్చే అన్నంలా వండాలి. ఆరుగురికి 300 గ్రాములు, అంటే కప్పున్నర బార్లీని కడిగి, రెండున్నర లీటర్ల మరిగే ఎసట్లో ఐదు చెంచాల ఉప్పుతో వేయండి. ఇరవయ్యో నిమిషం నుంచి గింజ కొరికి చూస్తూ ఉండాలి. మధ్యలో తెల్లటి పచ్చి చుక్క పోయి, ఇంకా కాస్త సాగుతున్నట్టు అనిపించినప్పుడు దించి వార్చి, ఒక్కసారి వేడినీళ్లు పోసి జిగురు కడిగేయండి.

తర్వాతి పనిని చాలామంది వదిలేస్తారు. వార్చిన బార్లీని వెడల్పాటి ట్రేలో పలచగా పరిచి ఇరవై నిమిషాలు ఆవిరి పోనివ్వాలి. తడి గింజ మీద నూనె నిలవదు, డ్రెస్సింగ్ అంతా డబ్బా అడుగుకి జారుతుంది. ఇలా ఆరితే దాదాపు ఐదు కప్పుల పొడిపొడి బార్లీ వస్తుంది.

డ్రెస్సింగ్‌కి మామూలుగా చెప్పే, నూనె మూడు వంతులకి పులుపు ఒక వంతు అనే లెక్క ఇక్కడ చప్పగా ఉంటుంది, ధాన్యం పులుపుని మింగేస్తుంది. ఆరు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనెకి మూడు నిమ్మరసం, చెంచాడు ఆవముద్ద, ముప్పావు చెంచా ఉప్పు, మిరియాల పొడి. నూనె, నిమ్మరసం విడిపోకుండా పట్టి ఉంచేది ఆవముద్దే. సగం డ్రెస్సింగ్ గోరువెచ్చని బార్లీలో కలిపేయండి, మిగతా సగం సీసాలో పోసి వెంట తీసుకెళ్లండి. చల్లటి తిండికి ఉప్పు తక్కువ తెలుస్తుంది కాబట్టి తినబోయే ముందు ఒకసారి రుచి చూడటం తప్పనిసరి.

కూరగాయలు బార్లీకి సమానంగా, నాలుగైదు కప్పులు పట్టాలి. ముక్క శనగగింజ సైజు దాటకపోతే ప్రతి చెంచాలో అన్నీ వస్తాయి. క్యారట్, క్యాప్సికం, ఉడికించిన శనగలు ముందు రోజే కలిపినా నష్టం లేదు. గుమ్మడి, కాలీఫ్లవర్ ముక్కలైతే 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట కాల్చండి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిస్తేనే అంచులు ఎర్రబడతాయి, లేకుంటే ఉడికి నీరుగారతాయి. కీరదోస గింజలు తీసేసి, ముక్కలకు అరచెంచా ఉప్పు పట్టించి, పావుగంటయ్యాక పిండాలి. టమాటా కోయొద్దు, చిన్న చెర్రీ రకం వాటిని అలాగే వేయండి. బీన్స్ రెండు మూడు నిమిషాలు మరిగించి ఐసు నీళ్లలో వేసినా, నిమ్మరసంలో గంటలకొద్దీ ఉంటే పచ్చదనం పోయి మాసిన రంగుకు తిరుగుతాయి. అందుకే బీన్స్, పుదీనా, కొత్తిమీర, వేయించిన గింజపప్పులు వేరే డబ్బాలో వెళ్లాలి. బీట్‌రూట్‌ని మాత్రం ఈ సలాడ్ దగ్గరికి రానివ్వకండి, మొత్తం గులాబీరంగైపోతుంది.

వండిన ధాన్యం బయట ఊరికే వదిలేయదగ్గ వస్తువు కాదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి గట్టి రూపాలు, ఉడికించినా చావవు, గది వేడిలో మళ్లీ పెరుగుతాయి. వార్చిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, రాత్రంతా చల్లబడ్డాకే ఐసు ప్యాకులున్న సంచిలోకి ఎక్కాలి. సంచిలోంచి తీశాక రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట, అంతే గడువు. ఆ తర్వాత మిగిలింది పారేయాల్సిందే.

బార్లీలో గ్లూటెన్ ఉంటుంది, బల్గర్‌లోనూ ఉంటుంది. వచ్చేవాళ్లలో సీలియాక్, అంటే గ్లూటెన్ పడని జబ్బు, ఉన్నవాళ్లుంటే ఇదే కొలతల డ్రెస్సింగ్‌తో క్వినోవా చేయండి. బాగా కడిగి, ఒకటికి రెండు కాకుండా ఒకటింబావు నుంచి ఒకటిన్నర నీళ్లలోనే ఉడికించి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తే, బార్లీ అంత కాకపోయినా పొడిగానే నిలుస్తుంది.