మూడు మజిలీలు, మూడు గ్రిల్లులు: క్యాంపర్ ప్రయాణానికి ఏది తగినది?

క్యాంపర్‌లో, అంటే పడుకునే ఏర్పాటు ఉన్న బండిలో, తిరిగేవారు గ్రిల్ కొనేటప్పుడు సాధారణంగా రెండే ప్రశ్నలు వేసుకుంటారు: ఒక విడతలో ఎంతమందికి సరిపోతుంది, రుచి ఎలా ఉంటుంది. మేమూ అలాగే మొదలుపెట్టాం. రెండేళ్లలో మూడు ప్రయాణాలు చేసి, మూడు రకాల గ్రిల్లులు వాడి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. కాల్చడానికి పట్టేది అరగంట. ఆ అరగంట మాత్రం దాదాపు ఏ గ్రిల్ అయినా పని చేసిపెడుతుంది. వెలిగే దాకా ఎంతసేపు వేచి ఉండాలి, పని అయ్యాక అది చల్లారడానికి ఎంతసేపు పడుతుంది, జిడ్డు ఎక్కడ కడగాలి, బండిలో ఏ మూల పెట్టాలి అన్నవే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో, మర్నాడు ఎన్నింటికి బయలుదేరగలమో నిర్ణయిస్తాయి. అందుకే గ్రిల్‌ను, బస చేసిన చోటును విడదీయకుండా కలిపి రాస్తున్నాను.

మొదటి ప్రయాణం సముద్రం ఒడ్డుకు. క్యాంపర్ అద్దెది, గ్రిల్ మాత్రం మాది, కాళ్లు మడిచి పెట్టెలా మూసేసే బొగ్గు గ్రిల్. బరువు 4 కిలోలు మించదు, మడిస్తే పలుచగా అయిపోతుంది, సీటు కింద దూరిపోతుంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా తగినది లేదనిపించింది. మేము లెక్కలోకి తీసుకోనిది దానితోపాటు మోయవలసిన సరంజామా: బొగ్గు సంచి, వెలిగించే దిమ్మలు, బూడిద తీయడానికి రేకు పార, నిప్పు ఆర్పడానికి బకెట్టు. అన్నీ కలిపితే గ్రిల్ కన్నా వాటి బరువే ఎక్కువ, బొగ్గు పొడి రాలకుండా ఉంచడం అంతకన్నా పెద్ద పని.

ఆ బసలో కరెంటు లేదు, గాలి మాత్రం ఆగకుండా వీస్తుంది. మొదటి సాయంత్రం బొగ్గు సరిగ్గా రాజుకోవడానికి నలభై నిమిషాలకు పైగా పట్టింది. అడుగున చిల్లులున్న రేకు గొట్టంలో బొగ్గు నింపి, కింద కాగితం అంటిస్తే గాలి పైకి లాగి పావుగంట, ఇరవై నిమిషాల్లో బొగ్గంతా తెల్లటి నివురు పడుతుందని పక్క బండివారు చూపించారు. మర్నాడు వారి గొట్టమే అరువు తెచ్చుకున్నాం. బొగ్గు గ్రిల్ కొనేవారు ఆ గొట్టాన్ని కూడా గ్రిల్‌లో భాగంగానే లెక్కించుకోవాలని చెబుతాను. రుచి విషయంలో బొగ్గుకు ఉన్న పేరు ఉత్తిది కాదు. మాంసం నుంచి కారిన కొవ్వు నిప్పుల మీద పడి పొగై తిరిగి మాంసానికే పట్టినప్పుడు వచ్చే వాసన తక్కిన రెండింటిలోనూ అంతగా రాలేదు.

అయితే ఆ రాత్రి బూడిద దగ్గర వచ్చింది చిక్కు. బసలో బూడిద వేయడానికి వేరే ఇనుప డబ్బా లేదు, చెత్తకుండీలేమో ప్లాస్టిక్‌వి. గ్రిల్‌ను అలాగే వదిలేసి ఉదయం ఎనిమిదింటికి సర్దబోతే, కావలి ఆయన వచ్చి, "ఆరిందనుకుంటారండి, ఒకసారి కెలికి చూడండి" అన్నారు. పట్టుకారుతో కదిపితే పైన చల్లగా ఉన్న బూడిద కింద గోళీకాయంత ఎర్రటి కణిక కనిపించింది. నివురు గప్పిన నిప్పు అన్న మాటను అంతకు ముందు ఎన్నోసార్లు వాడాను గాని కళ్లారా చూడడం అదే మొదటిసారి. బొగ్గు నిప్పు బూడిద కింద ఒక రోజుకు పైగా కూడా బతికి ఉండగలదు. నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోసి, చేతితో తాకి చూసేసరికి మా ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైంది. ఆ తడి బూడిదను మూత ఉన్న డబ్బాలో తర్వాతి ఊరి దాకా మోసుకెళ్లాం.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. రెండో రోజు వాన చినుకులు మొదలైనప్పుడు మా బృందంలో ఒకరు గ్రిల్‌ను గుమ్మం లోపలికి జరుపుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. రాజుకున్న బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వచ్చేసరికి మనిషి లేచి బయటికి నడిచే స్థితిలో కూడా ఉండకపోవచ్చు. మంట కనిపించని ఆరిపోతున్న బొగ్గు కూడా అంతే ప్రమాదం. గ్యాస్ గ్రిల్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. క్యాంపర్‌లో గాని, టెంటులో గాని, మూడు వైపులా మూసి ఉన్న పందిరి కింద గాని, కిటికీలు తెరిచి ఉన్నా సరే, గ్రిల్ వెలిగించకూడదు. ఆ రాత్రి వాన తగ్గే దాకా ఆగి, ఆలస్యంగా తిన్నాం.

రెండో ప్రయాణంలో బస ఒక చెరువు గట్టున. ప్రతి బండికీ కరెంటు, గిన్నెలు కడుక్కోవడానికి వేడినీళ్ల తొట్టి, శుభ్రమైన స్నానాల గదులు అక్కడ ఉన్నాయి. సదుపాయాల విషయంలో మేము చూసిన వాటిలో ఇదే మేలైన బస. బొగ్గుకు అనుమతి లేదు కాబట్టి 1800 వాట్ల ఎలక్ట్రిక్ గ్రిల్ తీసుకెళ్లాం. స్విచ్ వేసి వంట మొదలుపెట్టిన పది నిమిషాలకే బండిలో దీపాలు ఆరిపోయాయి. మళ్లీ వేస్తే మళ్లీ ఆరాయి. కారణం చాలా చిన్న లెక్క, అది ఇంటి దగ్గరే చేసుకోవలసింది. ఆ బసలో ఒక్కో బండికి ఇచ్చేది 6 ఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర అది 1380 వాట్లు మాత్రమే. 10 ఆంపియర్లయితే 2300 వాట్లు, 16 ఆంపియర్లయితే 3680 వాట్లు వస్తాయి. 120 వోల్టులు వాడే దేశాల్లో 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి వచ్చేది 1800 వాట్లు. గ్రిల్ ఒక్కటే కాదు, ఫ్రిజ్, నీళ్ల హీటరు, ఛార్జర్లు అన్నీ ఆ మొత్తంలోంచే తీసుకుంటాయి. బస ఖాయం చేసుకునేటప్పుడు "కరెంటు ఉందా" అని కాక "ఎన్ని ఆంపియర్లు" అని అడగాలి.

బండి బ్యాటరీ మీద నడుపుదామన్న ఆలోచన కూడా వచ్చింది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది సుమారు 1200 వాట్ అవర్లు. 1500 వాట్ల గ్రిల్‌ను ఇన్వర్టర్ ద్వారా నడిపితే 125 ఆంపియర్లకు పైగా లాగుతుంది. బ్యాటరీ ముప్పావుగంట కూడా నిలవదు, ఆ రాత్రికి దీపాలకూ ఫ్రిజ్‌కూ ఏమీ మిగలదు. చివరికి ఆఫీసులో అడిగి 10 ఆంపియర్ల స్థలానికి మారాం. వారు విసుక్కోకుండా మార్చి ఇచ్చిన తీరు నాకు గుర్తుండిపోయింది. అక్కడ గ్రిల్ చక్కగా పనిచేసింది. పొగ లేదు, బూడిద లేదు, పళ్లెం ఊడదీసి వేడినీళ్లలో కడిగితే పావుగంటలో పని అయిపోయింది. కూరగాయలకూ పలుచని చేప ముక్కలకూ అది బాగా నప్పింది. దళసరి మాంసం ముక్కకు మాత్రం పైన కరకరలాడే పొర రావడానికి కావలసిన వేడి అందలేదు. ఆరుబయట గాలికి పళ్లెం వేడి నిలవదు. ప్రతి మజిలీలోనూ కరెంటు ఉంటుందని తెలిసినవారు, ఇద్దరే ప్రయాణించేవారు దీన్ని నిస్సందేహంగా తీసుకోవచ్చు.

మూడో ప్రయాణం కొండ మీదికి. కరెంటు, వేడినీళ్లు, ఆఫీసు ఏమీ లేని బస అది. ఒక కుళాయి, చదును చేసిన నేల, చుట్టూ ఎండు గడ్డి ఉన్నాయి. నిప్పురవ్వల భయంతో బొగ్గునూ కట్టెలనూ నిషేధించి, తిప్పి ఆర్పేయగలిగే గ్యాస్‌ను మాత్రం అనుమతించారు. ఎండాకాలంలో ఇలాంటి నియమం చాలా చోట్ల ఉంటుంది. బొగ్గు గ్రిల్ మాత్రమే ఉన్నవారికి అలాంటి చోట అది ఉత్త బరువే. ఈసారి మా దగ్గర ఉన్నది 9 కిలోల గ్యాస్ గ్రిల్. ఒకటే బర్నర్, లోతైన మూత, పోత ఇనుప కమ్మీలు, కింద బయటికి లాగే జిడ్డు పళ్లెం ఉన్నాయి. గ్యాస్ మర తిప్పి అంటించగానే వెలిగి, పది నిమిషాలకు కాల్చడానికి సిద్ధమైంది.

చల్లని ఉదయం మాత్రం మంట దీపంలా చిన్నబోయింది. మేము తీసుకెళ్లిన చిన్న డబ్బాలో ఉన్నది బ్యూటేన్. అది సముద్ర మట్టం దగ్గర సుమారు సున్నా డిగ్రీల వద్ద మరుగుతుంది, అంతకన్నా చలి ఉంటే ద్రవంగానే ఉండిపోతుంది. పైగా గ్యాస్ ఆవిరయ్యేకొద్దీ డబ్బా తన వేడినే కోల్పోతుంది. మా డబ్బా కింది సగం మీద మంచు పొర సన్నగా పట్టడం, వేలితో గీస్తే గీత పడడం చూశాను. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి చలి ప్రాంతాలకు ప్రొపేనో, అది తగినంత కలిసిన మిశ్రమమో తీసుకెళ్లాలి. డబ్బాను వేడి చేయడానికి మంట దగ్గర పెట్టడం, దుప్పటి చుట్టి వెలిగించడం లాంటివి ఎన్నడూ చేయకూడదు. గ్యాస్ ఎంత ఖర్చవుతుందన్నది కూడా ముందే తెలుసుకోవచ్చు. 3 కిలోవాట్ల బర్నర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 230 గ్రాముల గ్యాస్ తీసుకుంటుంది, అంటే 450 గ్రాముల డబ్బా రెండు గంటలు వస్తుంది. పెట్టె మీద వాట్లకు బదులు వేడిని కొలిచే మరో ప్రమాణమైన బీటీయూలు రాసి ఉంటే, గంటకు 10,000 బీటీయూలంటే సుమారు 2.9 కిలోవాట్లని లెక్కించుకోవచ్చు.

కొన్ని క్యాంపర్లకు పక్కన బయటి గ్యాస్ గొట్టం తగిలించుకునే చోటు ఉంటుంది, దానితో చిన్న డబ్బాలు మోసే పని తప్పుతుంది. కాని ఆ గొట్టంలోకి వచ్చే గ్యాస్ అప్పటికే బండి రెగ్యులేటర్ దాటి ఒత్తిడి తగ్గి వస్తుంది. గ్రిల్‌కు దాని సొంత రెగ్యులేటర్ కూడా ఉంటే మంట పెద్దది కాదు. గ్రిల్ ఏ ఒత్తిడికి తయారైందో చూసుకుని, ఆ తయారీదారు అనుమతించిన గొట్టంతోనే కలపాలి. ఊరికే రెగ్యులేటర్ పీకేయడం మంచిది కాదు. ప్రతి ప్రయాణానికి ముందు అతుకుల దగ్గర సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడడం మేము అలవాటు చేసుకున్నాం. ప్రొపేన్, బ్యూటేన్ రెండూ గాలి కన్నా బరువైనవి. కారితే నేలబారుగా పేరుకుంటాయి. అందుకే డబ్బాలను అడుగున రంధ్రం ఉన్న అరలోనే ఉంచాలి, పడుకునే చోట మంచం కింద కాదు.

కొనే ముందు మూతను నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూస్తాను. మూత లేని గ్రిల్ గాలిలో సగం వేడి ఆకాశానికే ఇస్తుంది. లోతైన మూత ఉంటే కింద మంట, పైన తిరిగే వేడిగాలి కలిసి దళసరి ముక్కను లోపలి దాకా ఉడికిస్తాయి. గ్రిల్‌ను ఎటు తిప్పి పెట్టామన్నదీ ముఖ్యమే. కొండ మీద మొదటిరోజు గాలి వెనుక నుంచి వీస్తుంటే మూత వెనుక సందులోంచి దూరి, వేడిని గ్యాస్ మర వైపు తోసింది, ఆ మర ముట్టుకోలేనంత కాలింది. గ్రిల్‌ను పక్కకు తిప్పితే సరిపోయింది. మూత మీద ఉండే వేడి కొలిచే ముల్లు చూపేది మూత కింది గాలి వేడిని మాత్రమే, మాంసం వేడిని కాదు. అందుకు గుచ్చి చూసే చిన్న థర్మామీటరు వెంట ఉండాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకు చేరే దాకా మేము దించం.

కమ్మీల సంగతి తొందరగా చెప్పేస్తాను. పోత ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది, కాల్చిన గీతలు చక్కగా పడతాయి, కాని బరువు, పైగా సముద్రపు గాలికి నూనె రాయకపోతే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడగడం తేలిక. ఎనామెల్ పూత ఉన్నవాటిని ఇనుప బ్రష్షుతో గీకితే పెచ్చులు లేస్తాయి. ఎక్కువగా తీరం వెంట తిరిగేవారు స్టీలు తీసుకోవాలి.

సర్దడం దగ్గరే నేను ఎక్కువ నష్టపోయాను. సముద్రం ఒడ్డున చివరి రోజు గ్రిల్ అడుగున గడ్డకట్టిన కొవ్వు ఉందని గమనించకుండా నిలువుగా నిలబెట్టి సీటు కింద దోపాను. ఎండకు అది కరిగి తివాచీ మీదికి కారింది. బండి తిరిగి అప్పగించినప్పుడు శుభ్రం చేయించిన ఖర్చు మా దగ్గర వసూలు చేశారు. మరక మాది కాబట్టి దానికి నేను అడ్డు చెప్పలేదు. కాని బండి ఇచ్చేటప్పుడు గ్రిల్ ఎక్కడ పెట్టాలో, పెట్టకూడదో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు జిడ్డు పళ్లెంలో రేకు కాగితం పరిచి, చల్లారాక మడిచి పారేసి, గ్రిల్‌ను పడుకోబెట్టి గుడ్డ సంచిలో పెట్టి, బయటినుంచి తలుపు ఉన్న అరలో ఉంచుతున్నాం. ఆ అర తలుపు వెడల్పు 58 సెంటీమీటర్లు. పెట్టె మీద 55 అని రాసి ఉన్న ఒక గ్రిల్ పక్క పిడులతో కలిపి 64 వచ్చింది, దాన్ని వెనక్కి ఇచ్చేశాం. కొనే ముందు పిడులతో సహా టేపు పెట్టి కొలవమని ఎవరు అడిగినా చెబుతున్నాను.

ప్రస్తుతం మా బండిలో ఉన్నది ఆ 9 కిలోల గ్యాస్ గ్రిల్లే. వెలిగించే మీట తేమకు పనిచేయడం మానేస్తుంది కాబట్టి పక్కనే పొడవాటి లైటరు ఒకటి, గాలికి అడ్డం పెట్టే మడత రేకు ఒకటి చేర్చాం. వచ్చే ప్రయాణం చలికాలంలో కాబట్టి మిగిలిన బ్యూటేన్ డబ్బాలు ఇంట్లోనే ఉంచి, ప్రొపేన్ సిలిండర్‌కు సరిపోయే కొత్త గొట్టం తెచ్చాను. పాత గొట్టం వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనిపించాయి.