ప్రశ్న అబ్బాయికి, జవాబు అమ్మది

మన ఇళ్లలో కౌన్సెలింగ్ అన్న మాట వినగానే ఎంసెట్ సీట్ల కేటాయింపో, తాగి బండి నడిపినవారికి పోలీసులు పెట్టే క్లాసో గుర్తుకు వస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి కాలేజీ మానేసి, రాత్రంతా మేలుకుని పగలంతా పడుకోవడం మొదలుపెట్టిన రెండు నెలలకు సికింద్రాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు వద్దకు వెళ్లినప్పుడు, ఆవిడ వాడిని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారనే నేనూ అనుకున్నాను.

మొదటి రోజు ఆవిడ చదువు ఊసే ఎత్తలేదు. ఎన్ని గంటలకు పడుకుంటాడు, పొద్దున ఏం తింటాడు, క్రికెట్ ఎందుకు మానేశాడు, ఇంట్లో ముందుగా ఎవరి గొంతు లేస్తుంది వంటి ప్రశ్నలతోనే యాభై నిమిషాలు గడిచాయి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు మా డాక్టరుగారి చేత చేయించమన్నారు. మందులు రాయవలసింది సైకియాట్రిస్టే గాని తాను కాదని, అవసరమైతే పంపుతానని ముందే చెప్పారు. బి12 బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది. అంతా దానివల్లనే అని నేననను గాని, రెండు నెలలుగా వాడి బద్ధకాన్ని తిట్టిన నాకు ఆ రిపోర్టు చూసి సిగ్గేసింది.

అబ్బాయి ఒంటరిగా చెప్పినవి, ప్రాణాపాయం ఉంటే తప్ప, మాకు చెప్పనని కూడా ఆవిడ ఆ రోజే తేల్చేశారు. ఫీజు కట్టేది మనం కదా అని మావారు దారంతా సణిగారు.

మూడోసారి ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. పంచాయతీ పెడతారని భయపడ్డాను. ఆవిడ ఎవరి వైపూ తీర్పు చెప్పలేదు. చివర్లో తన కాగితం చూసుకుని, "నేను బాబును ఏడు ప్రశ్నలు అడిగానమ్మా, ఐదింటికి మీరే జవాబు చెప్పారు" అన్నారు. ఆ వారం పని నాకే పడింది: వాడిని ఏదైనా అడిగితే మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు తెరవకూడదు. నాలుగో రాత్రి భోజనాల దగ్గర, నా లెక్క ఎనిమిదికి చేరాక, పెరుగు అడగడానికి కాకుండా వేరే మాట కోసం వాడు నోరు విప్పాడు.

మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్న పని మీదే మనసు నిలపడం నేర్పుతానంటే, కళ్లు మూసుకుని కూర్చోబెడతారేమో అనుకున్న మా చేతిలో ఆవిడ ఒక్కొక్క కిస్మిస్ పెట్టి, చూసి, వాసన చూసి, నిదానంగా నమలమన్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో ఇదొక భాగమట. నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజులు మౌనంగా గడిపి వచ్చిన మామగారు మాత్రం, ఇది మన బుద్ధుడి సరుకేనని నవ్వారు. ఆవిడ కాదనలేదు.

లోపాలు లేకపోలేదు. మొదట నింపవలసిన నాలుగు పేజీల ఫారం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మామగారి వంతు నేను చదివి నింపవలసి వచ్చింది, అంటే ఆయన ప్రశ్నలకూ జవాబు రాసింది నేనే. ఒక్కో సెషనుకు 1,500 రూపాయలు, కుటుంబమంతా వెళితే 2,200 మధ్యతరగతికి బరువే. మానసిక అనారోగ్యానికీ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నా, ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తామని మా బీమా సంస్థ అన్నది. ఆన్‌లైన్ సెషన్లు మాకు కుదరలేదు. తలుపుకు అవతలే అమ్మ ఉందని తెలిసిన పిల్లవాడు ఏం మాట్లాడతాడు?

ఎక్కడికి వెళ్లినా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని ముందుగా అడగండి. అంత ఖర్చు పెట్టలేనివారు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మేము ఎనిమిది సెషన్లు పూర్తిచేసి, ఇప్పుడు నెలకొకసారి వెళుతున్నాము. అబ్బాయి వారానికి నాలుగు రోజులు కాలేజీకి వెళుతున్నాడు. ఐదో రోజు గురించి నేనింకా పది లెక్కపెడుతూనే ఉన్నాను.