మొదటి ఫైనల్ ఫాంటసీ: పాత కార్ట్రిడ్జా, పిక్సెల్ రీమాస్టరా?

ఫైనల్ ఫాంటసీ అనే ఈ వీడియో గేమ్ 1987లో జపాన్‌లో ఫామికామ్ మీద, 1990లో అమెరికాలో ఎన్‌ఈఎస్ మీద (రెండూ నింటెండో కన్సోళ్లే) కార్ట్రిడ్జ్‌గా, అంటే కన్సోల్‌లో పెట్టే ప్లాస్టిక్ డబ్బాగా వచ్చింది. అదే ఆటను మెరుగుపరిచి మళ్లీ చేసిన పిక్సెల్ రీమాస్టర్ 2021లో వచ్చింది. మళ్లీ ఆడాలనిపిస్తే ఏది?

ఖర్చు: కార్ట్రిడ్జ్‌తోపాటు పాత కన్సోల్, దానికి తగ్గ టీవీ కావాలి. రీమాస్టర్‌కి ఫోన్ చాలు.

రిస్క్: కార్ట్రిడ్జ్‌లో సేవ్ నిలిచేది చిన్న బ్యాటరీ మీద. అది అయిపోతే ఆట గల్లంతు, కొత్తది వేయాలంటే సోల్డరింగ్ చేయాలి. రీమాస్టర్ దానంతటదే సేవ్ చేసుకుంటుంది.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పాతదాంట్లో ఇద్దరు వీరులకు ఒకే శత్రువును చూపించామనుకోండి. మొదటి వేటుకే అది చచ్చిందా, రెండోవాడి దెబ్బ వృథా. అందుకే ప్రతి పోరులో ఎవరు ఎవరిని కొట్టాలో ముందే లెక్కేసుకోవాలి. నాకు ఆ లెక్కలోనే మజా అంతా ఉంది. రీమాస్టర్‌లో దెబ్బ పక్క శత్రువుకి మళ్లుతుంది. హాయిగా ఉంటుంది కానీ ఆ టెన్షన్ ఉండదు. పాతదాంట్లో మార్ష్ కేవ్ అనే గుహకి వెళ్లేముందు పోషన్లు (గాయాలు మాన్పే మందులు) ఒక్కొక్కటిగా కొనాల్సి రావడం మాత్రం శుద్ధ విసుగు.

లోపాలు: ఎన్‌ఈఎస్‌లో కొన్ని మంత్రాలు అసలు పనే చేయవు. రీమాస్టర్‌లో పనిచేస్తాయి.

చిన్నప్పుడు ఆడినవాళ్లకు, పాత కన్సోల్ ఇంట్లో ఉంటే, కార్ట్రిడ్జే. మొదటిసారి ఆడేవాళ్లకు, రోజుకి అరగంటే దొరికేవాళ్లకు రీమాస్టర్.