ఎయిర్‌సెన్స్ 10 ఆటోసెట్ రివ్యూ: మెషీన్ బాగుంది, కానీ ముందు మాస్క్ సంగతి చూసుకోండి

సీప్యాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా గాలి పంపే మెషీన్) కొనబోయేవాళ్లు మోడల్ గురించి ఎంత వెతుకుతారో అందులో సగమైనా మాస్క్ గురించి వెతకండి. మా ఆయన రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 ఆటోసెట్ వాడుతున్నారు. రివ్యూ మాత్రం నేను రాస్తున్నాను, ఎందుకంటే రాత్రి ఏం జరుగుతోందో నిద్రపోయే మనిషికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆయనది ఉత్త గురక కాదు, స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది, ఛాతీ కదులుతూనే ఉంటుంది కానీ ముక్కులోంచి గాలి రాదు, నేను ఊపిరి బిగబట్టి చూస్తుండేదాన్ని, చివరికి ఉక్కిరిబిక్కిరై ఒక్క కుదుపుతో మళ్లీ మొదలయ్యేది. పరీక్ష చేయిస్తే ఏహెచ్ఐ 42 అని వచ్చింది. అంటే గంటకి సగటున 42 సార్లు ఊపిరి పూర్తిగా ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది, ప్రతిసారీ కనీసం 10 సెకన్లు. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా ఎందుకు దిగట్లేదో డాక్టర్ గారు అప్పుడు చెప్పారు.

చుట్టాలందరూ "ఏంటమ్మా, ఆక్సిజన్ పెట్టుకుంటున్నారా?" అని కంగారుపడ్డారు. కోవిడ్ చూసినవాళ్లం కదా, మొహానికి మాస్క్, గొట్టం కనిపిస్తే అదే గుర్తొస్తుంది. ఇది ఆక్సిజన్ కాదు. గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో లోపలికి పంపుతుంది, గాలి నిండిన సైకిల్ ట్యూబు అణిగిపోకుండా ఉన్నట్టు గొంతు మూసుకుపోకుండా ఉంటుంది, అంతే. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ అనే డాక్టర్ ఈ పద్ధతిని మొదట బయటపెట్టారు. ఇప్పటికీ సూత్రం అదే.

ఇక మాస్క్. మాకు మెషీన్ అమ్మినతను ఇంటికి ఒకే ఒక్క మాస్క్ పట్టుకొచ్చాడు, ముక్కూ నోరూ రెండూ కప్పేది, పెద్ద సైజు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తగిలించి, "నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. రాత్రంతా కళ్లలోకి గాలి, పక్కల నుంచి బుస్సుమని శబ్దం, పొద్దున లేస్తే కళ్లు ఎర్రగా. ఫోన్ చేస్తే పట్టీలు బిగించమన్నాడు. బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది కానీ లీక్ ఆగలేదు. ఆగదు కూడా, ఎందుకంటే చాలా మాస్కుల్లో ఆ సిలికాన్ కుషన్ గాలికి కాస్త ఉబ్బి చర్మానికి అతుక్కునేలా చేస్తారు, మరీ బిగిస్తే ఉబ్బడానికి చోటే ఉండదు. చాలామంది మెషీన్ తీసి అటక మీద పెట్టేసేది ఈ దశలోనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

తర్వాత వేరే షాపుకి వెళ్లాం. అక్కడి అమ్మాయి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, మెషీన్ ఆన్ చేసి, అటూ ఇటూ తిరగమని, అప్పుడు కొలత చూసింది. పడుకుంటే బుగ్గలు జారతాయి, మొహం ఆకారమే మారుతుంది, కూర్చుని చూసిన కొలత దేనికీ పనికిరాదు. ముక్కు వరకే ఉండే ఎన్20 అనే మాస్క్ ముందు ఇచ్చింది, తేలిగ్గా ఉంది, కానీ ఆయనకి ఒక ముక్కు ఎప్పుడూ పట్టేసి ఉంటుంది, నిద్రలో నోరు తెరుస్తారు, గాలంతా నోట్లోంచి పోయేది. చివరికి ముక్కూ నోరూ కప్పే ఎఫ్20, మీడియం సైజు, సరిపోయింది. రాత్రి తలకి కొబ్బరినూనె రాసుకునే అలవాటు కూడా మానిపించింది, జిడ్డుకి సిలికాన్ జారిపోతుంది, పట్టీలూ త్వరగా పాడవుతాయి. ఎఫ్20 క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉంటాయి. పేస్‌మేకర్ లాంటివి శరీరంలో ఉన్నవాళ్లకి కనీసం 15 సెంటీమీటర్లు దూరంగా ఉండాలని రెస్‌మెడ్ కంపెనీయే 2023లో హెచ్చరిక ఇచ్చింది, అది వాడే మనిషికే కాదు పక్కన పడుకునేవాళ్లకి కూడా, కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే అడిగి మరీ అయస్కాంతాలు లేనిది తీసుకోండి.

మెషీన్ విషయానికొస్తే, శబ్దం దాదాపు లేదు, ఫ్యాన్ తిరుగుతుంటే వినపడదు. ఒత్తిడి 4 నుంచి 20 వరకు (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి లెక్కలో) అవసరాన్ని బట్టి అదే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. కానీ మాకు అమ్మినతను ఆ 4–20 అలాగే వదిలేశాడు, 4 దగ్గర ఆయనకి గాలి చాలక ఊపిరాడనట్టు ఉండేది. డాక్టర్ గారు రిపోర్టు చూసి కనీస ఒత్తిడి 7 పెట్టించాక ఆ బాధ పోయింది. ఇది మీ అంతట మీరు మార్చకండి, డాక్టర్ని అడగండి. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గించే ఈపీఆర్ అనే సెట్టింగ్ ఉంది, కొత్తవాళ్లకి అది పెద్ద ఊరట.

గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోస్తాం, బోరు నీళ్లయితే అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీలకి పోసే నీళ్లు వద్దు. వేసవిలో ఏసీ బాగా పెంచితే గొట్టంలో నీటి చుక్కలు చేరి గుడగుడమంటుంది, వేడి ట్యూబ్ కొన్నాక తగ్గింది, దానికి డబ్బులు వేరే. అన్నీ కలిపి మాకు 60 వేలు దాటింది, మధ్యతరగతికి తక్కువేం కాదు.

ఇందులో బ్యాటరీ ఉండదు. విజయవాడ ఎండల్లో అర్ధరాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాల్సిందే, హ్యుమిడిఫయర్ ఆపేస్తే కరెంటు బాగా తక్కువ లాగుతుంది. ఎఫ్20లో వాల్వ్ ఉంటుంది కాబట్టి మెషీన్ ఆగినా బయటి గాలి అందుతుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. రైలు ప్రయాణాల్లో మాత్రం రాత్రిపూట ఛార్జింగ్ పాయింటుని నమ్ముకోలేం.

ఇప్పుడు ఏహెచ్ఐ 3 లోపే ఉంటోంది. మెషీన్‌లోని ఎస్‌డీ కార్డు తీసి మా అబ్బాయి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తాడు, లీక్ నిమిషానికి 24 లీటర్లు దాటితే అక్కడ తెలిసిపోతుంది, కుషన్ కడగాలనో మార్చాలనో అర్థం. బీపీ మాత్ర ఒకటి డాక్టర్ గారు తీసేశారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక సోఫాలో పడిపోయే మనిషి ఇప్పుడు మనవరాలితో క్యారమ్స్ ఆడుతున్నారు.

సెకండ్ హ్యాండ్ చూస్తున్నవాళ్లు జాగ్రత్త. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ పాడై ఊపిరిలోకి వెళ్లే ప్రమాదం ఉందని మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ మెషీన్లని వెనక్కి పిలిచింది, ఎవరైనా అది చవగ్గా ఇస్తామంటే సీరియల్ నంబరు సరిచూడకుండా తీసుకోకండి. వీలైతే ముందు ఒక నెల అద్దెకి తీసుకోండి, అద్దెకిచ్చేవాళ్లని కనీసం మూడు రకాల మాస్కులు పడుకుని వేసుకు చూడనిస్తారా అని అడగండి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.