ఒక్క గుర్రానికి ఏ బండి మేలు? ఏస్, పాత వ్యాను, పికప్, ఐషర్

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పేవాళ్లు చాలామంది, పశువులను తోలే బండి ఏది దొరికితే అందులోనే గుర్రాన్ని ఎక్కిస్తారు. ఎద్దుకు సరిపోయిన బండి గుర్రానికీ సరిపోతుందనుకుంటే పొరపాటే. ఎద్దు అలిసిపోతే పడుకుంటుంది. గుర్రం మాత్రం దారి పొడవునా నిలబడే ఉంటుంది, ప్రతి బ్రేకుకూ ప్రతి మలుపుకూ కాళ్లు నిలదొక్కుకుంటూనే ఉంటుంది. కొనేవాళ్లు ముందు చూడాల్సింది నేల, ఎత్తు, ఎక్కే దారి. ఇంజిను సంగతి ఆ తర్వాత.

టాటా ఏస్ ధర తక్కువ, ఊళ్లో సందుల్లోకీ దూరుతుంది. 2016 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన నిబంధన ప్రకారం ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 24 చదరపు అడుగుల చోటు ఉండాలి. ఏస్ తొట్టి పొడవు ఏడడుగుల చిల్లర, వెడల్పు ఐదడుగుల లోపు. లెక్కకు చోటు సరిపోతుంది, గుర్రానికి సరిపోదు. ముక్కు నుంచి తోక దాకా ఎనిమిది అడుగులుండే జంతువు అందులో మెడ చాచలేదు, తల దించలేదు. పైగా 400 కిలోల బరువు పైన అటూ ఇటూ ఊగుతుంటే అంత చిన్న బండి మలుపుల్లో నిలవదు. నా మాటగా చెప్తున్నా, ఏస్ వద్దు.

సీట్లు పీకేసిన పాత స్కూలు వ్యాన్లు చవగ్గా దొరుకుతున్నాయి. అవీ వద్దు. కప్పు తక్కువ ఎత్తు, గాలి ఆడదు, నేల పల్చటి రేకు. మే నెలలో మన ఎండకు ఆ రేకు డబ్బాలో గుర్రాన్ని నిలబెట్టడం దాని ప్రాణంతో ఆడుకోవడమే.

ఇక అసలు పోటీ బొలెరో పికప్‌కూ 14 అడుగుల తొట్టి ఉన్న లారీ ఐషర్‌కూ మధ్యే. చాలామంది పెద్ద బండే భద్రం అంటారు. రెండు మూడు గుర్రాలుంటే నేనూ ఐషరే అంటాను. 1978 నాటి పశు రవాణా నిబంధనలు చెప్పినట్టు తలలు ఎడమవైపుకు, అంటే ఎదురొచ్చే బండ్లకు దూరంగా, పెట్టి అడ్డంగా నిలబెట్టవచ్చు. మధ్యలో కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగులు కట్టవచ్చు. కానీ ఒక్క గుర్రానికి ఐషర్ ఇబ్బందే. టన్నుల బరువుకు చేసిన కమాన్ కట్టలు (కుదుపు తగ్గించే ఉక్కు పట్టీలు) 400 కిలోలకు అసలు వంగవు. ప్రతి గుంతా నేరుగా కాళ్లకు తగులుతుంది. తొట్టి నేల కూడా ఎత్తు ఎక్కువ, గట్టు దొరకని చోట దించడం నరకం.

పికప్‌లో 9 అడుగుల తొట్టి ఉన్నది చూసుకోండి. 1.7 టన్నుల మోడల్‌లో గుర్రం, ఇద్దరు మనుషులు, పైపుల బాడీ, మేత, నీళ్లు అన్నీ కలిపినా బరువు మిగులుతుంది. కమాన్లు దీనికీ గట్టివే గాని ఐషర్ అంత కాదు. తొట్టి మూడడుగుల ఎత్తులో ఉంటే ఎనిమిదడుగుల ర్యాంపుతో ఏటవాలు తగ్గుతుంది, గుర్రం బెదరకుండా ఎక్కుతుంది. ఒక్క గుర్రం ఉన్నవాళ్లకు ఇదే మేలు. అయితే షోరూము నుంచి వచ్చిన పికప్‌ను అలాగే వాడకూడదు.

అన్నిటికంటే ముందు నేల. ఇనుప ప్లేటు మీద ఉచ్చ పడితే నాడాలు జర్రున జారతాయి. దాని మీద చెక్క పలకలు, ఆ పైన పాడి గేదెల కొట్టాల్లో వేసే రబ్బరు మ్యాటు, పైన వరిగడ్డి వేయాలి. ఇప్పటికే బాడీ కట్టిన పాత బండి కొంటున్నారా? మ్యాటు మూల పైకెత్తి, కింది చెక్కను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మొన మెత్తగా దిగిందంటే చెక్క పుచ్చినట్టే. చూపించడానికి ఓనరు వెనకాడితే లేచి వచ్చేయండి. పక్కల పైపులు ఎంత ఎత్తున్నా, కింది మూడడుగులు పలకతో మూసి ఉండాలి. సందులో కాలు ఇరుక్కుంటే విరగడానికి ఒక్క గుంజు చాలు. ఛాతీ ముందు స్పాంజి చుట్టిన అడ్డపట్టీ, వెనక రెండు అడ్డ కర్రలు, పైన ఎండకు టార్పాలిన్ కావాలి. పగ్గాన్ని ఇనుప పైపుకు కట్టొద్దు. పైపుకు సుతిలి ఉంగరం వేసి దానికి కట్టాలి, పడినప్పుడు మెడకు బిగుసుకోకముందే సుతిలి తెగుతుంది. తల కిందికి దించేంత వదులుండాలి. గంటలకొద్దీ తల పైకి కట్టేస్తే చీమిడి, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం పట్టుకుంటుంది.

బాడీ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేదంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగేది అదే. నెల్లూరు ఆటోనగర్‌లో పని చేయించేవాళ్లు వెల్డింగు మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

ఆ 1978 నిబంధనల్లోనే గుర్రాల బండి 35 కిలోమీటర్ల వేగం దాటకూడదని ఉంది. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్ల పైమాటే, అంటే మూడున్నర గంటలు. సాయంత్రం ఊరేగింపు ఉంటే ఎండెక్కకముందే బయలుదేరండి, కావలి దగ్గర నీడ చూసి ఆపి నీళ్లు పెట్టండి. పెళ్లివాళ్లు ఎన్ని ఫోన్లు చేసినా డ్రైవరును తొందరపెట్టొద్దు.